వీధంతటికీ తెలిసిన పాస్‌వర్డ్

మోలో, ఇలోయిలో, ఫిలిప్పీన్స్
ఆగస్టు మొదటి ఆదివారం

చెల్లి వెంగ్‌కి,

ఇప్పుడు నువ్వు సిస్టర్ పాసిఫికావని తెలుసు. కవరు మీద అలాగే రాశాను. లోపల మాత్రం వెంగ్ అనే అంటాను. ఉత్తరాలన్నీ ముందు మీ మఠం పెద్ద మదర్ చదువుతారని చెప్పావు కదా, ఆమె కోప్పడితే నా తరఫున క్షమాపణ చెప్పు.

మేమంతా దేవుడి దయవల్ల బాగున్నాం. అత్తయ్య మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. వీధి వైపు కిటికీ దగ్గర కుర్చీ వేశాం, పగలంతా అక్కడే కూర్చుంటుంది. మీ బావ జీప్నీ బండి తోలుతున్నాడు, నడుం నొప్పి అంటున్నాడు, తోలుతూనే ఉన్నాడు.

నీకు ఈ ఉత్తరం రాస్తున్నది మా ఇంటి వైఫై గురించి. నవ్వకు. మఠంలో చేరకముందు తొమ్మిదేళ్ళు కాల్‌సెంటర్లో కూర్చుని, ఏ దేశంలోనో ఎవరి ఇంట్లోనో నెట్ రాకపోతే సర్దిచెప్పినదానివి. సొంత అక్కకి ఒక్కసారి చెప్పకూడదా?

మా క్రిస్టెల్‌కి ఇంటి నుంచే పని దొరికింది. సాయంత్రాలు వెనక గదిలో కూర్చుని జపాన్ పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంది. పిల్ల అంత సంతోషంగా ఉండటం నేను చాలా కాలానికి చూశాను. కానీ పాఠం మధ్యలో బొమ్మ నిలిచిపోతోంది. ఆ పిల్లలు 'యాపిల్' అనేసరికి ఇది నోరు తెరిచి రాయిలా కనిపిస్తుందట. రెండు పాఠాలు అలా పాడయ్యాయి. ఇంకోటి పాడైతే మానిపిస్తామని కంపెనీవాళ్ళు రాశారు. మానిపిస్తే హాంకాంగ్ తప్పదు. అక్కడ ఇంటిపని చేస్తున్న దాని మేనత్త ఎప్పటినుంచో రమ్మంటోంది. టీచరు పరీక్ష పాసైన పిల్ల అది, వెంగ్. పరాయి వాళ్ళ పిల్లలకి స్నానాలు చేయించడానికి పంపించాలంటే నాకు మనసొప్పడం లేదు.

సంగతి ఏమిటంటే మా వైఫై మాది కాదు, వీధిది. ఆ పెట్టె బిగించిన రోజు ఫాదర్‌ని పిలిచి ఆశీర్వాదం చేయించాం. తీర్థం చల్లేముందు ప్లగ్గు తీశాంలే. వచ్చినవాళ్ళకి పాన్సిత్ నూడుల్స్ వడ్డించాను. నేను వంటింట్లో ఉండగా మా వీధి సెసింగ్ పెట్టెని తిరగేసి, అడుగున అంటించిన కాగితంలో పాస్‌వర్డ్ గట్టిగా చదివింది. అందరూ ఫోన్లలో కొట్టుకున్నారు. అప్పటినుంచీ ఎదురింటి బెర్టింగ్ కోడిపందేలు చూసేది మా వైఫైలోనే.

క్రిస్టెల్‌ని మార్చమంటే వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చింది. ఒక పూటంతా ఏదీ రాలేదు, వచ్చాక మళ్ళీ ఆ కాగితం మీద ఉన్న పాస్‌వర్డే వచ్చింది. ఈ కాలం పిల్లలకి ఫోను వాడటం తెలుసు, పెట్టె లోపల ఏముందో తెలియదు. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే పాటలు వినిపిస్తారు.

ఏం చెయ్యాలో చిన్నగా, వరసగా రాయి. నేను హైస్కూల్ వరకే చదివానని గుర్తుపెట్టుకో.

మీ అక్క
నెనిత


కొండమీది కార్మెల్ మఠం, ఆంటికే
ఆగస్టు ఆఖరు

అక్కకి శాంతి కలుగు గాక.

మఠంలోకి వచ్చేటప్పుడు వదిలేసినవాటిలో చాలావాటి కోసం అప్పుడప్పుడు మనసు లాగుతుంది. గొడ్డుమాంసం పులుసు, సినిమాలు, నీ నవ్వు. రౌటరు కోసం ఒక్కసారి కూడా లాగలేదు. అది ఉత్తరంలో వెతుక్కుంటూ వచ్చింది. దేవుడి చిత్తం.

చెబుతాను, ఒక్కటీ దాటెయ్యకు.

పెట్టె అడుగున ఉన్న కాగితంలో రెండు పాస్‌వర్డులు ఉంటాయి. ఒకటి వైఫైలోకి రావడానికి. రెండోది పెట్టె లోపలికి వెళ్ళి దాని అమరికలు మార్చడానికి. మొదటిది వీధి తలుపు తాళం అనుకో, రెండోది బీరువా తాళం. జనం వీధి తలుపు గురించే ఆలోచిస్తారు. బీరువా తాళం మాత్రం 'అడ్మిన్' అని అందరి ఇళ్ళలో ఒకటే ఉంటుంది. ముందు అది మార్చు. అదే కాగితంలో చుక్కలతో ఒక అంకెల వరస ఉంటుంది. క్రిస్టెల్ దాన్ని కంప్యూటర్లో పైన కొడితే లోపలికి దారి వస్తుంది.

లోపల వైఫై భద్రత అని ఉన్నచోట డబ్ల్యూపీఏ త్రీ కనిపిస్తే అది, లేకపోతే డబ్ల్యూపీఏ టూ ఎంచుకో. డబ్ల్యూపీఎస్ అని ఒక బొత్తం ఉంటుంది, నొక్కితే పాస్‌వర్డ్ లేకుండానే వచ్చెయ్యొచ్చు. దాన్ని ఆపెయ్. పెట్టెలో ఉండే సాఫ్ట్‌వేర్ పాతదైతే కొత్తది వేసుకోమని అదే అడుగుతుంది, సరే అను. వైఫై పేరులో మన ఇంటిపేరు పెట్టకు. అప్పుడు వైఫైకి కొత్త పాస్‌వర్డ్ పెట్టు. పొడవుగా ఉండాలి. ఎవరి ఊహకీ అందకూడదు, నువ్వు మాత్రం మరిచిపోకూడదు. పుట్టినరోజులు, పండగ తేదీలు వద్దు.

పెట్టాక ఎవరికీ చెప్పకు. అక్కా, నిన్ను నేనెరుగుదును. చెప్పులు అడిగితే చెప్పులిచ్చి ఎండలో నడిచొచ్చే మనిషివి నువ్వు. ఇది చెప్పులు కాదు.

మా మదర్ నా ఉత్తరం చదివి, ఇంత వివరంగా ధ్యానం గురించి ఎప్పుడైనా రాశావా అని అడిగారు.

నీ చెల్లెలు
సిస్టర్ పాసిఫికా


మోలో
సెప్టెంబరు, మరియమాత పుట్టినరోజు పండగ వెళ్ళాక

చెల్లి వెంగ్‌కి,

నువ్వు చెప్పినవన్నీ చేశాం. బీరువా తాళం మారింది. డబ్ల్యూపీఏ త్రీ లేదు, టూ పెట్టాం. ఆ బొత్తం ఆపేశాం. వైఫైకి 'గువ్వ' అని పేరు పెట్టింది క్రిస్టెల్.

పాస్‌వర్డ్ గురించి నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. పొడవుగా ఉండాలన్నావు, మరిచిపోకూడదన్నావు. 'రాణీ నీకు వందనం' ప్రార్థన ఉంది కదా, జపమాల చివర చెప్పుకునేది, దాని మొదటి వాక్యమంతా మధ్యలో ఖాళీ లేకుండా కొట్టించాను. నేను చచ్చేటప్పుడు కూడా మరిచిపోను.

వారం రోజులు ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో. క్రిస్టెల్ పాఠాలు నీళ్ళలా సాగాయి. వీధిలో వాళ్ళు నన్ను చూసి పలకరించడం తగ్గించారు, అది మాత్రం గుచ్చుకుంది.

తర్వాత వీధిలో ఇంటింటికీ తిరిగే జపమాల మా ఇంటికొచ్చింది. మరియమాత స్వరూపాన్ని ఊరేగింపుగా తెచ్చి ముందుగదిలో నిలిపాం. సాయంత్రాలు ఇల్లంతా జనం. మూడో సాయంత్రం చూస్తే వెనక గదిలో క్రిస్టెల్ తల పట్టుకుంది. ముందుగదిలో సెసింగ్ కొడుకు ఫోన్‌లో పాట.

నేను గొంతు పెంచలేదు, నాకు రాదు. సెసింగ్‌ని వంటింట్లోకి పిలిచి అడిగాను.

"పాస్‌వర్డ్ నీకెలా తెలిసింది, సెసింగ్?"

"పొడుగ్గా ఉందని నీ కూతురే విసుక్కుంది కదే. పొడుగ్గా ఉండి నీకు నోటికొచ్చేవి ప్రార్థనలే. ముప్పై ఏళ్ళుగా నీ పక్కన మోకరిస్తున్నాను. ఏ ప్రార్థనకి నువ్వు కళ్ళు మూసుకుంటావో నాకు తెలీదా?"

"అది దొంగతనం కాదా?"

"మరియమాత ప్రార్థన నీ ఒక్కదానిదా? రిజిస్ట్రేషన్ చేయించుకున్నావా?"

ఆకులో చుట్టి ఉడికించిన ఈబోస్ వేడిచేసి చేతిలో పెట్టాను, తింటూ వెళ్ళింది.

ఇప్పుడు చెప్పు. క్రిస్టెల్‌కి ఈసారి పాఠం పూర్తిగా తెగలేదు కానీ పిల్లవాడి తల్లి ఫిర్యాదు రాసింది.

నెనిత


కొండమీది కార్మెల్ మఠం, ఆంటికే
సెప్టెంబరు ఆఖరు

అక్కకి శాంతి.

ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు తోటలోకి వెళ్ళి రెండుసార్లు చుట్టూ తిరిగొచ్చాను. కాల్‌సెంటర్లో అయితే ఫోన్‌ని మ్యూట్‌లో పెట్టి నీళ్ళు తాగేదాన్ని.

మోలోలో నువ్వు పెట్టగలిగిన పాస్‌వర్డులన్నిటిలోకీ, నీ వీధిలో ప్రతి ఒక్కరికీ నోటికొచ్చినదే వెతికి పెట్టావు. ఎవరి ఊహకీ అందకూడదు అన్నాను అక్కా. వాళ్ళంతా రోజూ సాయంత్రం దాన్ని కలిసి చదువుతున్నారు. పైగా ఉత్తరంలో రాశావు. మదర్ చదివారు, ద్వారం దగ్గర సిస్టర్ చదివింది. మాకు ఫోన్లు లేవు కాబట్టి బతికిపోయావు.

ఈసారి ఒకదానికొకటి పొంతనలేని నాలుగైదు మాటలు తీసుకో. వాటిలో దేవుడు ఉండకూడదు, ఇల్లు ఉండకూడదు, తిండి ఉండకూడదు. అవేమిటో నాకు రాయకు. మధ్యలో ఒకటి రెండు అంకెలు దూర్చు.

ఇంకొకటి చెయ్యి. పెట్టె లోపల, ఇప్పుడు ఎవరెవరి ఫోన్లు మన వైఫైలో ఉన్నాయో పేర్లతో కనిపిస్తాయి. క్రిస్టెల్‌ని రోజూ చూడమను. పాస్‌వర్డ్ మారాక మొదట ఏ ఫోన్ వచ్చిందో చూస్తే దారి దొరుకుతుంది. మా పనిలో ఒక మాట ఉండేది. తాళం గట్టిదే అయినా జనం వస్తున్నారంటే, తలుపు లోపలినుంచి తీస్తున్నారు.

కోపగించుకోకు, అడగక తప్పదు. ఆ తలుపు తీసేది నువ్వేనా?

సిస్టర్ పాసిఫికా


మోలో
అక్టోబరు, మూడో వారం

వెంగ్,

నీ ఆఖరి ప్రశ్న చదివి రెండు రోజులు నీ మీద అలిగి ఉన్నాను. నువ్వు అక్కడున్నావు, నీకు తెలియలేదు. తలుపు తీసింది నేను కాదు. సెసింగ్ మళ్ళీ అడిగింది, 'నాకు తెలియదు సెసింగ్, క్రిస్టెల్‌ని అడుగు' అని అబద్ధం చెప్పి, శనివారం పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. ఫాదర్ పాపక్షమ ఇచ్చారు. తర్వాత కొత్త పాస్‌వర్డ్ ఏమిటమ్మా అని అడిగారు. పరాచికమే అనుకుంటాను.

క్రిస్టెల్ నువ్వు చెప్పినట్టే పొంతనలేని మాటలు పెట్టింది. ఇంట్లో నలుగురికే తెలుసు. తను, నేను, మీ బావ, అత్తయ్య. అత్తయ్యకి ఎందుకంటే టాబ్లెట్‌లో రోజూ పొద్దున దివ్యపూజ చూస్తుంది. మర్నాటి మధ్యాహ్నానికే బెర్టింగ్ ఫోను వచ్చేసింది. తర్వాత సెసింగ్ ఫోను, వాళ్ళబ్బాయి ఫోను, వరసగా. ఆ వారమే క్రిస్టెల్ పాఠం మళ్ళీ తెగింది. కంపెనీ ఆఖరి అవకాశం అంటోంది. నవంబరు నెలాఖరున పర్యవేక్షకుడు ఒసాకా నుంచి ఒక పాఠమంతా కూర్చుని చూస్తాడట. అది సాఫీగా జరిగితే ఉంటుంది, లేకపోతే లేదు. హాంకాంగ్ మేనత్త కాగితాలు కూడా పంపింది. క్రిస్టెల్ వాటిని దిండు కింద పెట్టుకుంది, చించలేదు, నింపలేదు.

నువ్వన్నట్టు తలుపు లోపలినుంచే తీశారు. కంచే చేను మేసింది. నిన్న నేను పెరట్లో బట్టలు ఆరేసి లోపలికొస్తుంటే కిటికీ దగ్గర మాటలు వినిపించాయి. అత్తయ్య వీధికంతా నానమ్మే కదా, అందరూ లోలా అనే పిలుస్తారు.

"లోలా, ఆ మూడో మాట ఇంకోసారి చెప్పండి."

"ముందు కూర్చో. మీ ఆవిడ కడుపుతో ఉందటగా, ఎన్నో నెల?"

బెర్టింగ్. కిటికీ కింద బల్ల మీద. ఆ బల్ల ఎవరు వేశారో కూడా నాకు తెలియదు. వాడు వెళ్ళేదాకా ఆగి ఆమె దగ్గర కూర్చున్నాను.

"అత్తయ్యా, ఎవరికీ చెప్పొద్దన్నాం కదా."

"అడిగారు, చెప్పాను. దాహమన్నవాణ్ణి నీళ్ళు లేవని పంపిస్తామా?"

"మీ మనవరాలి ఉద్యోగం పోతుంది."

"ఈ పెట్టె రాకముందు ఈ కిటికీ దగ్గరికి ఎవరొచ్చారో చెప్పు నెనీ. పిల్లి వచ్చేది. అదీ చేప వేయించిన రోజున."

"నేనున్నాను కదా ఇంట్లో."

"నువ్వా. ఈ గదిలోకి చీపురు పట్టుకుని వస్తావు, మళ్ళీ చీపురు పట్టుకుని వెళ్తావు."

క్రిస్టెల్‌కి చెప్పకుండా దాచాలనుకున్నాను, గోడ పల్చన, వినేసింది. 'లోలా, నన్ను హాంకాంగ్ పంపించి బెర్టింగ్‌కి కోడిపందేలు చూపించండి' అంది. అత్తయ్య రాత్రి అన్నం తినలేదు. క్రిస్టెల్ కూడా తినలేదు. ఇద్దరి కంచాలూ పట్టుకుని నేను మధ్యలో నిలబడ్డాను.

పాస్‌వర్డ్ మార్చి ఆమెకి చెప్పకపోతే దివ్యపూజ ఆగిపోతుంది. చెబితే వీధంతా వస్తుంది. ఎనభై రెండేళ్ళ మనిషి దగ్గర టాబ్లెట్ లాక్కోమంటావా? నాకు తల ప్రాణం తోకకొస్తోంది. నోరు తెరిచి ఎవరినీ తిట్టడం రాదు నాకు. అందుకే నీకు రాస్తున్నాను.

నెనిత


కొండమీది కార్మెల్ మఠం, ఆంటికే
నవంబరు, సకల ఆత్మల పండగ

అక్కా,

నిన్ను అడగకూడనిది అడిగాను, మన్నించు.

ఈ ఉత్తరం తర్వాత ఆగమన కాలం వస్తుంది. క్రిస్మస్ దాకా మేం ఉత్తరాలు రాయం, వచ్చినవి విప్పం. కాబట్టి ఇది అయ్యాక నన్ను అడగడానికి ఉండదు. నిదానంగా చదువు.

మన పెట్టెలో అతిథుల వైఫై అని ఇంకొకటి పెట్టొచ్చు. పెట్టె ఒకటే, పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు. అందులోకి వచ్చినవాళ్ళకి మన కంప్యూటర్లు కనిపించవు. దానికి ఇంత వేగమే అని కొలత పెట్టొచ్చు. ఏ వేళకి ఆగిపోవాలో కూడా చెప్పి పెట్టొచ్చు, క్రిస్టెల్ పాఠాలప్పుడు దానంతటదే ఆరిపోతుంది.

అసలు వైఫై పాస్‌వర్డ్ క్రిస్టెల్ ఒక్కదానికే తెలియాలి. బావకి వద్దు. నీకూ వద్దు. నీకు తెలియనిదాన్ని ఎవరడిగినా నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు, ఫాదర్‌కి కూడా శ్రమ తప్పుతుంది.

అతిథుల పాస్‌వర్డ్ అత్తయ్యగారిది. ఆమెనే పెట్టమను. ఎవరికి ఇస్తుందో, ఎప్పుడు మారుస్తుందో ఆమె ఇష్టం.

కాల్‌సెంటర్లో నాకు ఒక ముసలాయన తరచూ ఫోన్ చేసేవాడు. నెట్ రావడం లేదు అనేవాడు. చూస్తే బాగానే ఉండేది. ఆపి మళ్ళీ వెయ్యండి అని చెప్పి, అది వెలిగేదాకా ఆయన కుక్క గురించి వినేదాన్ని. తొందరగా ముగించమని పైవాళ్ళు తిట్టేవారు. పెట్టెలో తప్పు లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అత్తయ్యగారి మీద క్రిస్టెల్ ఎక్కువసేపు కోపం పెట్టుకోకుండా చూడు.

పాఠం జరిగే రోజున క్రిస్టెల్ కోసం ప్రార్థిస్తాను. ఫలితం క్రిస్మస్‌కి గానీ నాకు తెలియదు. ఇది కష్టమే.

మీ వెంగ్


మోలో
క్రిస్మస్ మర్నాడు

చెల్లి వెంగ్‌కి,

నువ్వు విప్పే మొదటి ఉత్తరం ఇదే కావాలని ఇవాళే పోస్టులో వేయిస్తున్నాను. క్రిస్టెల్ ఉద్యోగం నిలిచింది. హాంకాంగ్ కాగితాలు తిరిగి పంపేశాం. ముందు ఇది చెప్పకపోతే నువ్వు కిందకి చదవవు.

ఇక నా గోడు విను.

నువ్వు చెప్పినట్టే అన్నీ పెట్టాం. అతిథుల పాస్‌వర్డ్ మీదేనని అత్తయ్యకి చెబితే రెండు రోజులు ఆలోచించింది, మూడో రోజు రాణిగారైంది. ఊరికే ఇవ్వదట. బల్ల మీద కూర్చుని జపమాలలో ఒక రహస్యం, ఆ పది పూసల ప్రార్థనలూ, తనతో కలిసి చెప్పాలి. అప్పుడు చెవిలో చెబుతుంది. మర్నాటికి మార్చేస్తుంది. మార్చడం క్రిస్టెల్ నేర్పింది, ఆ వంకన ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు. బెర్టింగ్‌కి ప్రభువు శ్రమలు తలచుకునే దుఃఖ రహస్యాలు వరసగా రావని ఆమెకి అప్పుడే తెలిసింది. 'కోళ్ళ పేర్లన్నీ వచ్చు, ప్రభువు ఎక్కడ పడ్డాడో రాదు' అని వీధంతా వినేట్టు అంది. వాడు ఇప్పుడు నేర్చుకున్నాడు.

పర్యవేక్షకుడు చూసే రోజు వచ్చింది. సాయంత్రం పాఠం. అతిథుల వైఫై ఆరిపోయింది. ఆరిపోగానే వీధి వైఫై ఏమైందని ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి చేరారు. సెసింగ్ కూడా వచ్చింది. ఇంటి ముందు గోల. క్రిస్టెల్ తలుపు వేసుకుంది, కానీ మా గోడల సంగతి నీకు తెలుసు. నేను బయటికెళ్ళి నెమ్మదిగా మాట్లాడండి అన్నాను. నేను నెమ్మదిగా అన్నాను కదా, ఎవరికీ వినపడలేదు.

అప్పుడు అత్తయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది.

"పాస్‌వర్డ్ కావలసినవాళ్ళు మోకరించండి."

"లోలా, ఇవాళ ఆరిపోయింది, మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"ఇవాళ ఐదు రహస్యాలూ చెప్పాలి. నోట్లో చెప్పుకోవాలి. పైకి వినిపించినవాళ్ళకి ఇవ్వను."

మోకరించారు వెంగ్. చేతిలో ఫోన్లు, కళ్ళు నేలమీద, వీధి సగం దాకా. ఐదు రహస్యాలూ అయ్యాక లోపల పాఠం ఇంకా అవలేదు. సాధువుల పేర్లన్నీ వరసగా పిలిచే స్తుతిమాల మొదలుపెట్టించింది. అది ఎంత పొడుగో నీకు తెలుసు. అదీ అయింది. అప్పుడు తనకి గుర్తున్న పేర్లు వేసుకుంటూ పోయింది. మా మామగారి పేరు కూడా చెప్పిందని నా అనుమానం, ఆయన సాధువు కాడు.

లోపల పాఠంలో ఒక్కసారి కూడా బొమ్మ నిలవలేదు. చివర్న పర్యవేక్షకుడు, బయట తేనెటీగల్లా ఏదో శబ్దం, ఏమిటది అని అడిగాడట. మా నానమ్మావాళ్ళు అంది క్రిస్టెల్. ఆయన కాసేపు విని, ఫరవాలేదన్నాడట.

ఆ రాత్రి క్రిస్టెల్ అత్తయ్య మోకాళ్ళకి నూనె రాసింది. నన్ను రాయనివ్వలేదు.

ఇందులో నాకు ఒక సందేహం ఉంది. మీ మదర్‌ని అడిగి చెప్పు. వైఫై కోసం చెప్పిన జపమాల దేవుడి లెక్కలోకి వస్తుందా? సెసింగ్‌ని అడిగితే, 'సినిమా కోసం ఉపవాసం చేసినట్టే, అయినా చేశాం కదా' అంది. ఫాదర్‌ని అడగబోయాను, ఆయన మొన్న మా బల్ల మీద కూర్చుని ఉన్నారు.

బిల్లు కట్టేది నేను, ఆశీర్వాదం చేయించింది నేను, పెట్టె తుడిచేది నేను. అసలు వైఫై పాస్‌వర్డ్ నాకు చెప్పరు, నువ్వే వద్దన్నావు కదా. మీ మఠం పాటల గుంపు పాడిన క్రిస్మస్ పాటలు ఎవరో నెట్‌లో పెట్టారని విన్నాను, నీ గొంతు విందామని అతిథుల దాంట్లోకి వెళ్ళబోతే పాస్‌వర్డ్ అడిగింది. అత్తయ్య దగ్గరికెళ్ళాను. చీపురు బయట పెట్టి రమ్మంది. పెట్టి వచ్చాను. కూర్చోమంది. మూడు రహస్యాలు అయ్యాయి, మధ్యలో తన పెళ్ళినాటి సంగతులు చెప్పింది, ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పనివి. పాస్‌వర్డ్ ఇంకా ఇవ్వలేదు. రేపు మళ్ళీ రమ్మంది.

వెళ్తాను.

మీ అక్క
నెనిత